వార్తలమ్మ కొడుకు

మా వీధిలో మా అత్తగారిని అందరూ వార్తలమ్మ అనేవారు. ఇంటింటికీ కబుర్లు మోసే మనిషి కాబోలనుకునేరు, అదేం కాదు. మా ఆయన టీవీలో ఏడు గంటల వార్తలు చదువుతాడు. ఆయన్ని కన్నతల్లి కాబట్టి ఆవిడ వార్తలమ్మ. ఆ పిలుపు వింటే ఆవిడ మొహం చాటంత అయ్యేది. కూరగాయల కొట్లో, బస్సులో, ఆఖరికి పళ్ళ డాక్టరు కుర్చీలో కూడా ఏదో సందు చూసుకుని "ఏడు గంటల వార్తలు మావాడే చదువుతాడండీ" అని ఒక ముక్క వేసేది. నోట్లో దూది కుక్కి ఉండగా ఆ ముక్క ఎలా పలికిందో నాకిప్పటికీ అంతుపట్టదు. డాక్టరుకి అర్థమైంది కూడానూ.

నేను చెప్పబోయేది ఎన్నికల వేసవి సంగతి. ఎండలు ముదిరే ముందే మా ఆయన పనిచేసే ఛానల్ చేతులు మారింది. కొత్త యజమాని వచ్చాడు, ఆయన వెనకే కొత్త చీఫ్ వచ్చాడు, చీఫ్ వెనకే కొత్త క్రియాపదాలు వచ్చాయి. నవ్వకండి, నిజం. ప్రభుత్వం ఏమన్నా 'స్పష్టం చేసింది' అని చదవాలి. ఎదుటి పార్టీ ఏమన్నా 'ఆరోపించింది' అని చదవాలి. జనం నోరు విప్పితే 'వాపోయారు'. 'అన్నారు' అనే మామూలు మాటకి ఆ ఆఫీసులో చోటు లేకుండా పోయింది.

మొదట్లో మా ఇంట్లో అదొక వేళాకోళం. భోజనాల దగ్గర నేను "కూరలో ఉప్పు లేదని అత్తగారు ఆరోపించారు" అనేదాన్ని. "సరిపడా ఉందని వంటింటి వర్గాలు స్పష్టం చేశాయి" అని మా ఆయన గొంతు బరువు చేసుకుని అందుకునేవాడు. "నా కంచంలో ముక్కలే లేవురా అని ఒక ముసలమ్మ వాపోయింది" అని మా అత్తగారు కంచం ముందుకు తోసేది. ముగ్గురం పొలమారేదాకా నవ్వుకునేవాళ్ళం. ఏం నవ్వులో ఏమో, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఓట్లు దగ్గర పడుతున్నాయని పెద్దాయన హడావుడిగా ఇంటింటికీ మంచినీళ్ళ పథకం మొదలుపెట్టాడు. పెద్దాయనంటే ఎవరని అడక్కండి, ఏ గోడ చూసినా ఆయన మొహమే. వీధులన్నీ తవ్వారు. మురుగు గొట్టం ఉన్న గోతిలోనే, దాని పక్కనే మంచినీళ్ళ గొట్టం పడేసి మట్టి కప్పారు. వేరే గొయ్యి తవ్వే తీరికెక్కడిది, రిబ్బను కత్తిరించే తేదీ ముందే ఖాయమైపోయిందాయె. మా అరుగు మీద కూర్చుని మా వీధి మొత్తం అది కళ్ళారా చూసింది. మేస్త్రీని అడిగితే "మాకేం చెప్తారమ్మా, పూడ్చమన్నారు, పూడుస్తున్నాం" అన్నాడు.

కొద్దిరోజులు నీళ్ళు బాగానే వచ్చాయి. తర్వాత పసుపు తిరిగాయి. వాసన మొదలైంది.

మా అత్తగారి ముక్కు మామూలు ముక్కు కాదు. వంటింట్లో పాలు అడుగంటబోతున్నాయని ముందుగదిలోంచి కేకేసే మనిషి. కొళాయి కింద గ్లాసు పట్టి, వాసన చూసి, మొహం చిట్లించడం నేను చూశాను. "అమ్మాయ్, ఇవేం నీళ్ళే, ఇలా కంపు కొడుతున్నాయి" అని గ్లాసు కింద పెట్టేసింది. ఆ పూట కాచి చల్లార్చిన నీళ్ళే తాగింది. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

ఆ సాయంత్రం టైలరమ్మ ఎప్పటిలాగే వచ్చింది. ఆవిడ మా పక్కింటావిడ, జాకెట్లు కుడుతుంది. కొడుకు స్కూటర్ మెకానిక్. రోజూ ఏడింటికి కుట్టాల్సిన గుడ్డ ఒళ్ళో వేసుకుని మా టీవీ ముందు చేరేది. చెయ్యి కుట్టు మీద, కన్ను టీవీ మీద. "వదినగారూ, ఇవాళ మీ అబ్బాయి చొక్కా కాలరు సరిగ్గా కూర్చోలేదు, ఒకసారి పంపించండి, సరిచేస్తాను" అనేది. టీవీలో కోటు, చొక్కా, టై అన్నీ ఉంటాయి. బల్ల కింద నిక్కరే. ఆ రహస్యం తెలిసిన ఇద్దరు బయటివాళ్ళలో ఆవిడొకరు, కెమెరామన్ ఇంకొకరు.

ఆరోజు మా ఆయన చదివాడు. "మంచినీటిపై దుష్ప్రచారాన్ని నమ్మవద్దని మంత్రి స్పష్టం చేశారు. కొళాయి నీటిని స్వయంగా తాగి చూపించారు. కొత్త గొట్టాల వల్ల మొదట్లో స్వల్పంగా వాసన రావచ్చని, దానివల్ల ఎలాంటి హానీ లేదని అధికారులు స్పష్టం చేశారు." తెర మీద మంత్రి గ్లాసెత్తి గటగటా తాగాడు. ఆ నీళ్ళు అద్దంలా మెరుస్తున్నాయి. అలాంటి నీళ్ళు ఆ నెలలో మా కొళాయిలో వస్తే నేనే వెళ్ళి ఆ మంత్రికి దండ వేసి వచ్చేదాన్ని.

"అదన్నమాట సంగతి! కొత్త గొట్టాల వాసన" అంది మా అత్తగారు, పెద్ద బరువు దించుకున్నట్టు.

"నిజమే వదినగారూ, కొత్త డబ్బాలో కూడా ఒక వాసన వస్తుంది చూడండి" అంది టైలరమ్మ.

"కొత్త గొట్టాలూ కాదు, పాడూ కాదు" అన్నాను నేను. "గొట్టం ఎక్కడ వేశారో మీరిద్దరూ చూడలేదూ? మురుగు కలుస్తోంది."

"అది నీ మాట. మావాడు ఊరికే చెప్తాడా? నాలుగు వైపులా కనుక్కుని చెప్తాడు" అంది మా అత్తగారు. లేచి వెళ్ళి కొళాయి నీళ్ళు ఒక గ్లాసుడు పట్టుకొచ్చి, నా కళ్ళముందే తాగింది. టైలరమ్మకి ఇంకో గ్లాసు ఇచ్చింది. "తాగు, నీకు భయమేంటి, నేను తాగలేదూ?" అంది.

నేను పెద్దాసుపత్రి ఎదురుగా మందుల షాపులో పనిచేస్తాను. కౌంటర్ దగ్గర నిలబడితే ఊరి ఒంట్లో ఏముందో చెప్పేయొచ్చు. దుమ్ము రేగితే దగ్గు మందు, పరీక్షలొస్తే తలనొప్పి మాత్రలు. ఆ వారం జనం వాంతులకీ విరేచనాలకీ మందులడుగుతూ వరసగా నిలబడ్డారు. నీళ్ళలో కలుపుకుని తాగే ఉప్పూ పంచదార పొడి పొట్లాలు తెప్పించినవి తెప్పించినట్టు ఖాళీ. ఎక్కడినుంచి వచ్చారని అడిగితే అన్నీ కొత్త గొట్టాలు పడ్డ వీధులే.

ఇంటికెళ్ళి మా ఆయనతో చెప్పాను. "ఏమండీ, మీ రిపోర్టర్ని ఒక్కసారి షాపు దగ్గరికి పంపండి. ఆసుపత్రి వరండా చూసినా చాలు."

"వెళ్ళాడు. రాసుకొచ్చాడు కూడా. చీఫ్ పక్కన పెట్టేశాడు."

"ఎందుకట?"

"ఓట్లయ్యాక చూద్దామన్నాడు."

"వాంతులు కూడా ఓట్లయ్యాకే చేసుకోమనండి మరి!"

ఆయన సంచిలోంచి నీళ్ళ సీసా తీసి తాగాడు. సీలు వేసిన సీసా, ఆఫీసు నుంచి తెచ్చుకున్నది. అప్పుడు గమనించాను. పది పదిహేను రోజులుగా ఈ మనిషి ఇంట్లో కొళాయి నీళ్ళు ముట్టుకోవడం లేదు. "గొంతు జాగ్రత్త చూసుకోవాలి" అంటే కాబోలనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"మీకు తెలుసు" అన్నాను.

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "నువ్వూ అమ్మా కాచిన నీళ్ళే తాగండి. నేను చెప్పానని అమ్మకి మాత్రం చెప్పకు."

ఎందుకు చెప్పకూడదని అడగలేదు. అడగక్కర్లేకుండానే ఒళ్ళంతా మండిపోయింది. టీవీలో ఊరందరికీ ఒక మాట, పడగ్గదిలో పెళ్ళానికి ఇంకో మాట!

ఆయన తన గోడు చెప్పుకున్నాడు. అదీ చెప్తాను, లేకపోతే నేనూ చీఫ్‌లాంటిదాన్నే అవుతాను. "అన్ని ఛానళ్ళూ ఇంతే కదే. అవతలి ఛానల్ ఎదుటి పార్టీ వాళ్ళది, వాళ్ళు చీమ కుట్టినా పెద్దాయన మీదే నెడతారు. మాది ఇలా. ఎవరు నిఖార్సుగా ఉన్నారో చూపించు. నేను ఎదురు తిరిగితే రేపు ఆ కుర్చీలో ఇంకొకడు కూర్చుని అదే చదువుతాడు. నీళ్ళు బాగుపడతాయా? నేను రాసేవాణ్ణి కాదు, చదివేవాణ్ణి."

"అవతలి ఛానల్లో నీళ్ళు బాగోలేవనే చెప్తున్నారండీ" అన్నాను. "మీ అమ్మ అది చూసి, వాళ్ళలాగే అంటార్లే అని ఛానల్ మారుస్తోంది. ఆవిడ నమ్మేది పార్టీని కాదు, పెద్దాయన్ని కాదు. మిమ్మల్ని. ఆ కుర్చీలో ఇంకొకడు కూర్చుంటే ఆవిడ తన ముక్కునే నమ్మేది."

ఆయన సీసా మూత బిగించి సంచిలో పెట్టుకున్నాడు. అంతే.

ఇక నా తంటాలు చూడాలి. రోజూ నీళ్ళు కాచి, చల్లార్చి, మా అత్తగారి బిందెలో పోసేదాన్ని. ఆవిడ కనిపెట్టేసేది. "ఇవి కాచినవి, చప్పగా ఉన్నాయి" అని పెరట్లో మొక్కకి పోసేది. మొక్క మాత్రం ఆ వేసవంతా శుద్ధమైన నీళ్ళు తాగింది.

"ఎందుకండీ ఈ పంతం?" అన్నాను ఒకరోజు బతిమాలుతూ. "కాచి తాగితే మీ సొమ్మేం పోయింది?"

ఆవిడ కాసేపు బిందె అంచు మీద చెయ్యి రాస్తూ కూర్చుంది. "నేను కాచి తాగానంటే నా కొడుకు అబద్ధం చెప్పాడని ఒప్పుకున్నట్టేగా అమ్మాయ్" అంది. "వీధిలో అందరూ నన్నడుగుతున్నారు, ఏమండీ మీరు తాగుతున్నారా అని. నేనే తాగకపోతే వాడి మాటకి విలువేముంటుంది?"

అప్పుడర్థమైంది నాకు. ఆవిడ ఒక్కర్తే కాదు, వీధి వీధంతా ఆవిడ గ్లాసు వైపు చూస్తోంది.

ఆ పూటే మా ఆయన్ని పట్టుకున్నాను. స్నానం చేసి తల తుడుచుకుంటున్నాడు. "పద" అన్నాను. "వెళ్ళి నీ తల్లికి చెప్పు. నీ నోటితో చెప్పు. ఆ నీళ్ళు తాగొద్దమ్మా అని మూడు ముక్కలు."

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. ఆయన తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నాకు మాత్రం ఏ కోశానా తప్పనిపించలేదు.

వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. మా అత్తగారు, టైలరమ్మ అరుగు మీద కూర్చుని కాజాలు కుడుతున్నారు. పక్కనే చెంబు, గ్లాసూ.

"ఏరా, ఇలా వచ్చావు?" అంది మా అత్తగారు. ఆయన నోరు విప్పేలోపే తనే అందుకుంది. "మంచి సమయానికొచ్చావు. మీ ఆవిడ నా ప్రాణం తీస్తోంది. ఈవిడ కూడా పొద్దున్నించీ కడుపులో తిప్పుతోందంటోంది. నువ్వు చెప్పరా, ఈ నీళ్ళు బాగున్నట్టా, లేనట్టా?"

ఇద్దరు ముసలమ్మలూ మొహాలెత్తి చూశారు. టైలరమ్మ సూది గుడ్డకి గుచ్చి మరీ చూసింది.

మా ఆయన నీళ్ళు నమిలాడు. గొంతు సవరించుకున్నాడు. "బాగానే ఉన్నాయని అధికారులు అంటున్నారమ్మా" అన్నాడు.

"విన్నావా?" అంది మా అత్తగారు నావైపు తిరిగి.

ఎంత నేర్పు! అబద్ధం చెప్పలేదు. అంటున్నారు, నిజంగానే అంటున్నారు. కన్నతల్లి ప్రాణం గురించి అడిగితే ఎవరో అంటున్నది చెప్పి చేతులు దులుపుకున్నాడు. తర్వాత నిలదీస్తే, "టైలరమ్మ పక్కనుంది కదే, వీధంతా పాకుతుంది, ఎన్నికల వారం, ఆఫీసుకి తెలిస్తే..." అని గొణిగాడు. మర్నాడు మెల్లగా చెప్తానన్నాడు.

మర్నాడు పొద్దున్నే టైలరమ్మ కొడుకు మా తలుపు బాదాడు. "వదినా, అమ్మ లేవట్లేదు." నేను చెప్పులేసుకునేలోపే లోపల మా అత్తగారు బాత్రూం గుమ్మం దగ్గర కూలబడింది. ఇద్దరినీ ఒకే టాక్సీలో తీసుకెళ్ళాం. దారిలో మా అత్తగారు టైలరమ్మ చెయ్యి పట్టుకునే ఉంది. "ఏం కాదు, ఏం కాదు" అంటూనే ఉంది.

వార్డులో మంచాలు చాలక నేల మీద పరుపులేశారు. అదృష్టమో ఏమో వీళ్ళిద్దరికీ పక్కపక్క మంచాలు దొరికాయి. డాక్టరమ్మ నన్ను ఎరుగును, రోజూ మా షాపుకి వస్తుంది. సెలైన్ పెడుతూ, "నీళ్ళే, ఇంకేంటి. కానీ నేను అనకూడదు. ఎండ దెబ్బ అనమని పైనుంచి చెప్పారు" అంది. ఆవిడ మీద కోపం రాలేదు. పాపం, రెండు రోజులుగా నిద్రలేదా మనిషికి. నా కోపమంతా ఒకడి మీదే కుప్పపోసినట్టు నిలబడింది.

మా ఆయన మధ్యాహ్నం వచ్చాడు. తల్లిని చూసి నీరుగారిపోయాడు. మంచం పట్టె పట్టుకుని ఏడ్చాడు. ఆవిడ మగతలో ఉంది. నాలుగింటికి ఈయన లేచి చేతి గడియారం చూసుకున్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

"డ్యూటీ. ఎన్నికల వారం కదా, సెలవివ్వరు."

"మంచిది, వెళ్ళు. వెళ్ళి చదువు. ఒక్క ముక్క ఎక్కువ చదువు. నీళ్ళు కాచి తాగండి అని. ఎవరినీ తిట్టక్కర్లేదు, ఏ పార్టీ పేరూ ఎత్తక్కర్లేదు. ఇంకా ఎంతమంది తాగుతున్నారో నీకు తెలుసు."

"చూస్తాను" అన్నాడు.

ఐదు దాటాక టైలరమ్మ పోయింది. గొడవేం చెయ్యలేదు, ఒక్కసారి కళ్ళు తెరిచి కొడుకు వైపు చూసింది, అంతే. మా అత్తగారు అప్పటికి తెలివిలోకి వచ్చింది. పక్క మంచం మీద దుప్పటి మొహం దాకా కప్పడం చూసింది. ఏడవలేదు. "నేనే ఇచ్చాను" అంది. ఆ ఒక్క మాటే, పైకప్పు చూస్తూ, మళ్ళీ మళ్ళీ.

నేను వరండాలోకి వెళ్ళి మా ఆయనకి ఫోన్ చేశాను. "టైలరమ్మ పోయింది. మీ అమ్మ గండం గడిచిందో లేదో ఇంకా చెప్పలేమంటున్నారు. ఏడింటికి చెప్పు." "ఊఁ" అన్నాడు.

వార్డు గోడకి ఒక టీవీ ఉంది. ఏడు కాగానే ఎవరో గొంతు పెంచారు. కోటు, టై, కుదురుగా కూర్చున్న కాలరు. మా ఆయన మొహంలో చిన్న ముడత కూడా లేదు. ఎన్నికల సభలయ్యాయి, పెద్దాయన ప్రసంగమైంది. ఆ తర్వాత చదివాడు. "వడదెబ్బకు వృద్ధురాలి మృతి. కలుషిత నీరే కారణమని బంధువులు ఆరోపించారు. అందులో వాస్తవం లేదని, ఎండల్లో వృద్ధులు బయటికి రావద్దని అధికారులు స్పష్టం చేశారు."

వార్డంతా భగ్గుమంది. "ఏ ఎండరా? మంచం దిగని మనిషికి ఏ ఎండ తగిలిందిరా?" అని ఒకాయన చెప్పు తీసి టీవీ మీదికి విసిరాడు. కింద పరుపు మీదున్న ఆవిడ మెటికలు విరుస్తూ "వీడి నోరు పడిపోను" అంది. "వీడికి తల్లీ పెళ్ళాం లేరా?"

ఉన్నారమ్మా, ఇద్దరమూ ఇక్కడే ఉన్నాం, అనాలనిపించింది. మా అత్తగారి వైపు చూశాను. ఆవిడ టీవీ కేసి చూస్తూనే ఉంది, వాతావరణం వార్తలు అయ్యేదాకా చూసింది. తర్వాత "అమ్మాయ్, కాచిన నీళ్ళున్నాయా?" అంది. ఇచ్చాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఆఖరి చుక్క దాకా తాగింది.

మా ఆయన మర్నాడు పొద్దున వచ్చాడు. ముందు రోజు కోటు చొక్కాతోనే, నలిగిపోయి. చేతిలో ఫ్లాస్కు. వార్డులో అడుగు పెట్టగానే గుసగుసలు మొదలయ్యాయి. మంచాల మీంచి ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు. మెకానిక్ అక్కడే ఉన్నాడు, వాళ్ళమ్మ చీర, కళ్ళజోడు సంచిలో సర్దుకుంటున్నాడు. సంచి కింద పెట్టి ఎదురొచ్చాడు. చిన్నప్పట్నించి అన్నా అన్నా అని తిరిగినవాడు.

"రా అన్నా, రా" అన్నాడు. "ఇదిగో మా అమ్మ మంచం. వడదెబ్బ ఎక్కడ తగిలిందో చూపించి వెళ్ళు."

"అది నేను రాసింది కాదురా. నాకు ఇచ్చింది..."

"ఇస్తే? బంధువులు ఆరోపించారా? బంధువులంటే నేనేగా? మా అమ్మ చచ్చిపోయిందని నేను ఆరోపించానా అన్నా?"

వాడు కాలరు పట్టుకున్నాడు. ఎవరూ అడ్డం రాలేదు. నేనూ కదల్లేదు. వాడికి కొట్టడానికి చేతులు రావడం లేదు. ఆఖరికి మా అత్తగారి వైపు తిరిగి, "మీ అబ్బాయే కదా పెద్దమ్మా, మీరే అడగండి" అని ఏడ్చేశాడు.

మా అత్తగారు దిండు ఆనుకుని మెల్లగా కూర్చుంది. చీర కొంగు భుజం నిండా కప్పుకుంది, బయటివాళ్ళెవరో వచ్చినప్పుడు సర్దుకునేటట్టు. కొడుకు మొహం వైపు నిదానంగా చూసింది.

"వదిలెయ్యి బాబూ, ఆయన్ని కొట్టకు" అంది మెకానిక్‌తో. ఆ తర్వాత మా ఆయనతో, ఎంతో మర్యాదగా, "మీరు చెప్పినట్టే విన్నామండీ మేమిద్దరం. ఆవిడ పోయింది, నేను మిగిలాను. మీకిక్కడ పనేముందండీ, వెళ్ళిరండి" అంది.

"అమ్మా" అన్నాడు మా ఆయన. "అమ్మా, నేనే. నన్ను మీరు అంటావేంటి?"

"తెలుసండీ. రోజూ టీవీలో చూస్తూనే ఉన్నాం కదా. మిమ్మల్ని తెలియనివాళ్ళెవరు?"

కోపంగా అనలేదు, వెటకారంగానూ అనలేదు. బ్యాంకులో కౌంటరు అవతలి మనిషితో మాట్లాడినట్టు అంది. మెకానిక్ చెయ్యి తనంతట తనే కిందికి జారిపోయింది. మా ఆయన ఫ్లాస్కు మంచం కింద పెట్టి వెళ్ళిపోయాడు.

నీరసంలో అన్న మాటేమో, ఇంటికొస్తే సర్దుకుంటుందేమో అని నేనూ అనుకున్నాను. లేదు. ఇంటికొచ్చిన మొదటి పూటే, "మీ భోజనం అయిందాండీ?" అని అడిగింది ఆయన్ని. ఆయన కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాడు. కాళ్ళ మీద పడ్డాడు. ఉద్యోగం మానేస్తానన్నాడు. "మీ ఇష్టమండీ" అంది. ఆయన మానలేదు. వచ్చే నెల, ఆ పై నెల అంటూ వచ్చాడు.

ఎన్నికలయ్యాయి. పెద్దాయనే గెలిచాడు, ఏడు గంటల వార్తల్లో మా ఆయనే చదివాడు. గెలిచిన పదిరోజులకి మా వీధి మళ్ళీ తవ్వారు, చప్పుడు చెయ్యకుండా, ఏ కెమెరా లేకుండా, గొట్టం పక్కకి జరిపారు. పూడ్చేటప్పుడు మెకానిక్ షాపు మూసేసి వచ్చి గోతి పక్కనే నిలబడ్డాడు.

తొలివానలు పడ్డాయి. మా ఆయనకి జ్వరం వచ్చింది, మామూలు జ్వరమే కానీ గట్టిగా పట్టుకుంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. నేను షాపుకి వెళ్ళక తప్పలేదు, సాయంత్రం వచ్చేసరికి మా అత్తగారు పొద్దున కూర్చున్న కుర్చీలోనే, ఆయన మంచం పక్కనే ఉంది. అన్నం కూడా తిన్నట్టు లేదు. చిన్నప్పుడు ఎలా చేసేదో అలాగే తడిగుడ్డ మారుస్తోంది, అరికాళ్ళు రాస్తోంది, చెమట పడితే చొక్కా మారుస్తోంది. నాకు గుమ్మంలోనే గుండె కరిగింది. హమ్మయ్య, తల్లి తల్లే, అనుకున్నాను.

మా ఆయన కళ్ళు తెరిచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, ఒక్కసారి ఏరా అనవే" అన్నాడు.

ఆవిడ చెయ్యి విడిపించుకోలేదు. రెండో చేత్తో ఆయన నుదురు తాకి చూసింది.

"ఇంకా కాలుతోందండీ మీకు" అంది. "కాసేపు పడుకోండి."